ట్యాంకు నిండేదాకా

వెర్నా లిండ్‌క్విస్ట్‌ను ఒకచోట కుదురుగా కూర్చోబెట్టడం కన్నతల్లి వల్లా కాలేదు, చదువు చెప్పిన పంతులమ్మల వల్లా కాలేదు. మిన్నెసోటాలో స్కూలు బస్సు నడిపే ఉద్యోగం దొరికాకే ఆమెకు కూర్చోవడం వచ్చింది, ఎందుకంటే ఆ సీటు కదులుతుంది. పిల్లల్ని ఎక్కించుకుని మంచులోనూ బురదలోనూ తిరిగినన్నాళ్లూ ఆమె సుఖంగా ఉంది. రిటైరయ్యాక ఇంట్లో గడిపింది ఒకే ఒక్క చలికాలం. ఆ చలికాలంలో కాలుగాలిన పిల్లిలా తిరిగీ తిరిగీ, వంటింటి నేల మీద పరిచిన షీటును పొయ్యి దగ్గర నుంచి కిటికీ దాకా కాలిబాటలా అరగదీసింది. ఆ బాటను ఆమె మొగుడు ఓర్విల్ చూశాడు, ఏమీ అనలేదు. మంచు కరిగాక ఎవరో అమ్మకానికి పెట్టిన, లోపలే కాపురం ఉండేలా కట్టిన చిన్న ట్రైలరును చూసొచ్చి, "వెర్నా, ఇల్లు అమ్మేద్దామా?" అన్నాడు. ఇంకొంచెం కాఫీ పొయ్యనా అన్నట్టు అడిగాడు.

ఓర్విల్‌ది కూడా అదే స్కూలు. ఆమె బస్సు చూసుకుంటే అతను స్కూలును వెచ్చబెట్టే బాయిలరు చూసుకునేవాడు. ఏ పని చెప్పినా మొదటి నుంచి చివరి దాకా వరసగా, ఒక్కటీ వదలకుండా చేసే మనిషి. బాయిలరు దగ్గర అబ్బిన పద్ధతి అది. గుడ్డు ఉడకబెట్టినా అలాగే ఉడకబెడతాడు. ఆ నిదానం చూస్తే వెర్నాకు ఒళ్లు మండేది. అది పక్కన లేకపోతే మాత్రం ఆమెకు నిద్ర పట్టేది కాదు.

అప్పటి నుంచి పికప్ ట్రక్కు వెనక ట్రైలరు తగిలించుకుని తిరగడమే వాళ్ల కాపురం. ఎండాకాలం కొలరాడో కొండల్లో, చలికాలం ఆరిజోనా ఎడారిలో క్వార్ట్‌జ్‌సైట్ ఊరి పక్కన. ట్రైలరు పొట్టిది కాబట్టి ఏ అడవి దారిలోకైనా దూరేది. కొండల్లో జూనిపర్ చెట్ల మధ్య వాళ్లకో చోటు ఉంది. అక్కడికి పోయే దారిలో ఒక మలుపు ఉంది, పొడుగు బండ్లవాళ్లు దాన్ని చూడగానే చేతులెత్తేసి వెనక్కి తిరుగుతారు. మలుపు దాటిన వాళ్లకు పొద్దున తలుపు తియ్యగానే లోయంతా కాళ్ల కింద ఉంటుంది. ఈ భూమ్మీద వెర్నా మనసు నిలిచిన చోటంటూ ఉంటే అదొక్కటే, అదీ వారం రోజుల పాటు.

పొట్టి బండి కావాలంటే తడి బాత్రూంతో సరిపెట్టుకోవాలి. బట్టల బీరువా అంత గది, అందులోనే కమోడ్, అందులోనే చిన్న సింకు, నెత్తి మీద షవరు. స్నానం చేస్తే నీళ్లు మనిషి మీదా పడతాయి, కమోడ్ మీదా పడతాయి, నాలుగు గోడల మీదా పడతాయి. ముందుగా తువ్వాలూ టాయిలెట్ కాగితం చుట్టా బయటికి తెచ్చుకోవాలి, అయ్యాక గోడలన్నీ తుడవాలి. తుడవకపోతే రోజంతా ఆ గదిలోకి మేజోళ్లతో అడుగుపెట్టడానికి లేదు. ఓర్విల్ స్నానం చేసి రావడం, వెర్నా రబ్బరు పట్టీతో గోడల మీది నీళ్లు లాగి నేల తుడవడం, ఇది వాళ్ల ఇంటి పద్ధతి. పొడి బాత్రూమంటే వేరు. షవరుకు తలుపుతో సహా వేరే చోటు ఉంటుంది, కమోడ్ పొడిగా ఉంటుంది. కానీ ఆ సుఖానికి బండి పొడుగు పెరుగుతుంది. పెరిగితే మలుపు తిరగదు.

ఈ లెక్కంతా ఇప్పుడెందుకు వచ్చిందంటే, ఏళ్ల తరబడి తడిసీ తడిసీ ఆ గది నేల కుళ్లింది. అడుగేస్తే రొట్టె మీద కాలు వేసినట్టు దిగుతోంది. బాగుచేసే అతను వంగి చూసి, కింద చట్రం దాకా పాకిందని చెప్పి, బాగుచేసే మాట మళ్లీ ఎత్తలేదు. బండి మార్చక తప్పదు, ఎండలు ముదిరి అందరూ ఉత్తరానికి కదిలే లోపల మార్చాలి. ఇదొక్కటే అయితే వెర్నా ఒక్క పూటలో తేల్చేసేది. కానీ రెండేళ్లుగా ఓర్విల్‌కు పార్కిన్సన్స్. కుడి చెయ్యి వణుకుతుంది, అడుగు సగంలో ఆగిపోతుంది, తిరగాలంటే ముందు ఆలోచించుకోవాలి. అలాంటి మనిషికి తడి నేల పనికిరాదని ఎవరైనా చెబుతారు. చెబుతున్నారు కూడా. ఆ మాట వినబడినప్పుడల్లా వెర్నా లేచి ట్రైలరు చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి వచ్చేది.

ఎక్కువగా చెప్పేది పక్క బండి జో ఎల్లెన్. టెక్సాస్ మనిషి, మొగుడు పోయాక ఒంటరిగా బండి లాక్కుని తిరుగుతోంది. నోరు పెద్దది, మనసూ పెద్దదే. సాయంత్రం నీడ పడ్డాక ఎడారిలో అందరూ మడతకుర్చీలు వేసుకుని కూర్చుంటారు కదా, ఆ రోజూ అలాగే కూర్చున్నారు. వెర్నా మాత్రం నిలబడి కుర్చీ వీపు మీద వేళ్లతో దరువు వేస్తోంది.

"కూర్చోవే తల్లీ, నిన్ను చూస్తుంటే నాకు ఆయాసం వస్తోంది" అంది జో ఎల్లెన్.

"పొద్దుట్నుంచీ కూర్చునే ఉన్నా."

"ఎక్కడ? నేను చూడలేదే. సర్లే గానీ, పొడి బాత్రూం బండి తీసుకుంటున్నారా లేదా? ఓర్విల్ గురించైనా ఆలోచించవా?"

"పొడుగు బండి నా వల్ల కాదు జో. వెనక్కి నడపడం నాకు చేతకాదు."

జో ఎల్లెన్ నవ్వింది. "నీకా? మంచులో నలభై అడుగుల బస్సు తోలిన దానివి. ఆ మాట నాలాంటిది అంటే నమ్ముతా. నీకు బండి పొడుగంటే భయం కాదే, ఆగిపోతానని భయం."

వెర్నాకు పుండు మీద కారం చల్లినట్టయింది. నిజమే కాబట్టి ఇంకా మండింది. పొడుగు బండ్లవాళ్ల సంగతి ఆమెకు తెలియనిది కాదు. మొదట ఒక నెల ఒకచోట ఉంటారు, తరవాత చలికాలమంతా ఉంటారు, తరవాత బండి ముందు చెక్క వరండా కట్టి పూలకుండీలు పెడతారు. పూలకుండీ పెట్టారంటే ఇక ఆ బండి కదలదు. ఆ కుండీలు తలచుకుంటే ఆమెకు ఊపిరాడేది కాదు.

"ఓర్విల్‌కి ఈ బాత్రూంతో ఏ ఇబ్బందీ లేదు" అంది గట్టిగా. "అడుగు కావాలంటే. ఈ బయలు మొత్తమ్మీద ఆయనంత తక్కువ నీళ్లతో స్నానం చేసేవాడు లేడు. మా ట్యాంకు మూడో వారం దాటినా సగం కూడా నిండలేదు తెలుసా?"

ఇది ఎడారిలో చిన్న మాట కాదు. ఇక్కడ కుళాయి లేదు, మురుగ్గొట్టం లేదు. మంచినీళ్లు ఒక ట్యాంకులో మోసుకు రావాలి, వాడిన నీళ్లు ఇంకో ట్యాంకులో పడతాయి, అది నిండితే బండి కట్టుకుని వెళ్లి పారబోసి రావాలి. ఎవరి ట్యాంకు ఎన్నాళ్లు ఆగితే వాళ్లకు అంత పేరు. వేరేచోట మనుషులు కూతురి పెళ్లి ఎలా చేశామో చెప్పుకుంటే వీళ్లు ట్యాంకు గురించి చెప్పుకుంటారు. జో ఎల్లెన్ కూడా ఆ మాటకు తగ్గింది.

"మూడో వారమా? ఏం మంత్రం వేస్తున్నావయ్యా ఓర్విల్?"

ఓర్విల్ టోపీ కిందికి లాక్కుని, "అలవాటు" అన్నాడు. అతను రోజూ పెట్టుకునే టోపీయే అది. వణికే చేతిని రెండో చేతి కింద దాచుకుని కొండల వైపు చూశాడు. వెర్నా గర్వంగా ఒక్క నిమిషం కూర్చుంది.

ఆమెకు గుర్తుకు రావలసినది ఒకటి ఉంది, అప్పుడు రాలేదు. ఆకులు రాలే కాలంలో ఒక రోజు బాత్రూంలో దబ్బుమని చప్పుడైంది. ఆమె బయట ట్రక్కుకు బండి కడుతోంది. ఏమైందని అరిస్తే లోపల నుంచి, "షాంపూ సీసా పడింది" అన్నాడు. బండి కట్టేటప్పుడు మాట్లాడకూడదని ఈ బండ్లవాళ్లలో ఒక నియమం. మాటల్లో పడితే ఏదో ఒక కొక్కెం మరిచిపోతారు. అందుకని ఆమె ఇంకేమీ అడగలేదు.

మర్నాడు ఇద్దరూ ఊళ్లో బండ్లు అమ్మే చోటికి వెళ్లారు. దుమ్ములో వరసలుగా నిలబెట్టిన బండ్లు, వాటి మీద రెపరెపలాడే జెండాలు. అమ్మే అతని పేరు కర్టిస్, మెత్తగా మాట్లాడే కుర్రాడు. వెర్నా అతని మాట సగంలో ఉండగానే తలుపులు తీసుకుంటూ బండిలోంచి బండిలోకి నడిచింది. బీరువాలు చూడలేదు, మంచం చూడలేదు, కిటికీ తెరల గురించి చెబుతుంటే వినలేదు. చివరికి రెండు మిగిలాయి. ఒకటి పొట్టిది, తడి బాత్రూంది. ఆమె ప్రాణం దాని మీదే ఉంది. రెండోది పొడుగుది, పొడి బాత్రూంది.

తెలిసినవాళ్లు ఎవరూ బాత్రూం చూసి కొనరు, చేసి చూసి కొంటారు. నీళ్లుండవు, బట్టలు వేసుకునే ఉంటారు, కానీ లోపలికి వెళ్లి కూర్చుని, లేచి, తల రుద్దుకుని, వీపు తోముకుని, మొత్తం స్నానం ఆడి చూస్తారు. మోచెయ్యి గోడకు తగులుతుందా, మోకాలు తలుపుకు తగులుతుందా అన్నది అలా తప్ప తెలియదు. ఈ తంతు జరుగుతున్నప్పుడు అమ్మేవాళ్లు మర్యాదగా బయటికి వెళ్లి టైర్లు చూస్తూ నిలబడతారు. కర్టిస్ కూడా బయటికి వెళ్లి ఒక టైరును చాలా శ్రద్ధగా చూశాడు.

ముందు పొడుగు బండి. ఓర్విల్ షవరు గట్టు దాటడానికి కమ్మీ పట్టుకున్నాడు, కాలెత్తాడు, దాటాడు. లోపల కూర్చోడానికి చిన్న అరుగు ఉంది, కూర్చున్నాడు. గాలిలో సబ్బు రుద్దుకున్నాడు, లేచాడు, మళ్లీ కమ్మీ పట్టుకుని బయటికొచ్చాడు. ఎక్కడా ఆగిపోలేదు. వెర్నా గుండె జారిపోయింది. బాగున్నందుకు గుండె జారడమేమిటని తన మీద తనకే రోత పుట్టింది.

"బానే ఉంది" అన్నాడు ఓర్విల్.

"తొందరపడకు. రెండోది చూడు."

పొట్టి బండిలో బాత్రూం తలుపు దగ్గర ఆమె నిలబడింది. "రోజూ మన బాత్రూంలో ఎలా చేస్తావో అచ్చం అలాగే చెయ్యి. ఏదీ వదలొద్దు. మొదట్నుంచీ చివరిదాకా చెయ్యి" అంది. ఇందులో అతను ఇబ్బంది పడడని తేలితే చాలు, జో ఎల్లెన్ నోరు మూయించొచ్చని ఆమె ఆశ. తలుపు చారెడు తెరిచి ఉంచి ఆ సందులోంచి చూసింది.

చెప్పిన పని చెప్పినట్టు చెయ్యడం అతనికి బాయిలరు నాటి అలవాటు. ముందు లేని తువ్వాలును బయటి కొక్కేనికి తగిలించాడు. లేని కాగితం చుట్ట తీసి బయట పెట్టాడు. కమోడ్ మూత వేసి దాని మీద కూర్చున్నాడు. టోపీ తియ్యలేదు. సింకులో చెయ్యి ముంచి, గుడ్డ పిండుతున్నట్టు పిండాడు. మెడ తుడుచుకున్నాడు, చంకలు తుడుచుకున్నాడు, వంగి మోకాళ్ల దాకా తుడుచుకున్నాడు. గుడ్డ మళ్లీ ముంచాడు, మళ్లీ పిండాడు. తరవాత షవరు గొట్టం చేతిలోకి తీసుకున్నాడు. ఇప్పుడు తల మీద పోసుకుంటాడని వెర్నా చూస్తోంది. అతను గొట్టాన్ని ఎదుటి గోడ వైపు తిప్పాడు, పై నుంచి కిందికి ఒకసారి. పక్క గోడ మీద ఒకసారి. నేల మీద ఒకసారి. ఆపేశాడు. గొట్టాన్ని జాగ్రత్తగా దాని చోట పెట్టాడు.

అప్పుడు తాను ఏం చేశాడో అతనికి తెలిసింది. వణికే చెయ్యి ఇంకా గొట్టం దగ్గరే ఆగిపోయింది.

"గోడలకెందుకు పోశావ్?" అంది వెర్నా.

అతను రెండో చేత్తో టోపీ కిందికి లాక్కున్నాడు.

"ఓర్విల్, నీళ్లు గోడలకెందుకు పోశావ్?"

"నువ్వు తుడుస్తావు కదా" అన్నాడు. "గోడలు పొడిగా ఉంటే అడుగుతావని."

నెలల తరబడి రోజూ ఆ గోడల్ని ఆమె రబ్బరు పట్టీతో తుడిచింది. తడి ఉంది కాబట్టి స్నానం అయిందనుకుంది. ట్యాంకు నిండకపోతే అతని నేర్పనుకుని ఎడారంతా చెప్పుకు తిరిగింది. ఒంటి మీద సబ్బు వాసన ఉండేది, అది తడిగుడ్డకు రాసిన సబ్బు వాసన. ఆమె చెయ్యి చాచి అతని టోపీ తీసింది. అతని జుట్టు తడిగా ఉండగా ఎప్పుడు చూసిందో ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు.

"షాంపూ సీసా కాదు కదా ఆ రోజు పడింది?"

"కాదు. నేనే." తల దించుకున్నాడు. "కమోడ్ అంచుకి తగిలింది. నడుమంతా నల్లగా కమిలింది. తరవాత ఆ నేల తడి చూస్తే కాళ్లు లేవట్లేదు వెర్నా. నిలబడలేను. అందుకే కూర్చుని తుడుచుకుంటున్నా."

"నాతో చెప్పడానికేం? నోరు పడిపోయిందా?"

"చెబితే పెద్ద బండి కొంటావు."

"కొంటాను. కొనకేం?"

"కొని ఎక్కడో ఒకచోట పెడతావు. నా కోసమని కదలవు. మిన్నెసోటాలో ఆ చలికాలం నేను చూశాను. మళ్లీ చూడలేను." టోపీ కోసం చెయ్యి చాచి, "నాకు స్నానం లేకపోయినా గడుస్తుంది. నీకు కదలకపోతే గడవదు" అన్నాడు.

ఆమెకు కోపం వచ్చింది. తనను ఇంత బాగా ఎరిగి ఉన్నందుకు అతని మీద, గోడలు మాత్రమే చూసి మనిషిని చూడనందుకు తన మీద. టోపీ అతని చేతిలో కుక్కి దిగి వెళ్లిపోయింది. కర్టిస్ ఏదో అడగబోయాడు, ఆమె మొహం చూసి మళ్లీ టైరు వైపు తిరిగాడు. ఆమె వెళ్లి పికప్‌లో స్టీరింగు ముందు కూర్చుంది. తాళం తిప్పలేదు. వేళ్లు దరువు వెయ్యలేదు. ఆగి ఉన్న బండిలో అంతసేపు కదలకుండా ఆమె ఎన్నడూ కూర్చోలేదు.

జూనిపర్ చెట్లు గుర్తొచ్చాయి. ఆ మలుపు, ఆ లోయ, పొద్దున తలుపు తియ్యగానే మొహానికి కొట్టే చల్లగాలి. ఇక చూడనని ఆమెకు అర్థమైంది. అర్థమయ్యాక ఏడ్చింది. చాలాసేపు కాదు గానీ బాగానే ఏడ్చింది. ఓర్విల్ ఆ బయలు దాటి పికప్ దాకా రావడానికి చాలాసేపు పట్టింది. వచ్చి కిటికీ పట్టుకుని నిలబడ్డాడు.

"పొట్టిదే తీసుకుందాం" అన్నాడు. "కింద పరవడానికి గరుకు చాప ఏదో దొరుకుతుంది."

"నోర్ముయ్."

"వెర్నా."

"నువ్వు స్నానం చెయ్యాలి. రోజూ, నిండా, తల మీద నీళ్లు పోసుకుని. లేకపోతే నీతో కాపురం నా వల్ల కాదు." మొహం తుడుచుకుని దిగి కర్టిస్ దగ్గరికి నడిచింది. "ఆ పొడుగుది. ముందు వెనక్కి నడిపి చూస్తాను. నువ్వు పక్కకి జరుగు నాయనా, వెనకున్న ఆ స్తంభాన్ని కూడా జరపగలిగితే జరుపు."

స్తంభానికి ఏమీ కాలేదు. రెండు వరసల బండ్ల మధ్య సందులోకి పికప్‌కు తగిలించిన ఆ పొడుగు బండిని ఆమె ఒక్క ఊపులో పెట్టేసింది. కర్టిస్ నోరు తెరుచుకుని చూశాడు. చేతకాదన్న మాట ఎంత అబద్ధమో వెర్నాకు ఎవరూ చెప్పనక్కర లేకపోయింది.

కొత్త బండి వచ్చాక జో ఎల్లెన్ చూడటానికి వచ్చి షవరు తలుపు తీసీ వేసీ, కమ్మీ పట్టుకుని వేలాడి చూసి, మెచ్చుకుంది. "ఇప్పుడు హాయిగా ఉండొచ్చు. ముందర చిన్న వరండా వేసుకోండి" అంది. వెర్నా సరేనంది. ఉత్తరాన కొండ కింద ఇలాంటి బండ్లు నిలుపుకునే ఒక పార్కులో ఎండాకాలానికి చోటు అడిగి ఉంచింది, నీళ్లూ కరెంటూ మురుగ్గొట్టాలతో సహా అన్నీ ఉన్న చోటు. అలా చెయ్యడమే న్యాయమనుకుంది. అనుకున్నాక ఆమె నడక ఎక్కువైంది. పొద్దున లేచింది మొదలు కొత్త బండి చుట్టూ తిరిగేది. కిటికీలు అప్పుడే తుడిచి మళ్లీ తుడిచేది. ట్రక్కు నూనె చూసేది, టైర్ల గాలి చూసేది, ఎక్కడికీ పోనిదానికి ఈ చూడటమెందుకని మధ్యలో ఆపేసేది. మూడు రోజులు తిరక్కుండానే ఇసుకలో బండి చుట్టూ బాట పడింది. ఓర్విల్ కుర్చీలో కూర్చుని ఆ బాట చూశాడు. ఈసారి కూడా ఏమీ అనలేదు.

అతను మాత్రం స్నానం చేస్తున్నాడు. మొదటి రోజు తలుపు బయట ఆమె చెవి పెట్టి నిలబడింది. నీళ్లు అతని మీద పడే చప్పుడుకూ గోడ మీద పడే చప్పుడుకూ తేడా ఇప్పుడు ఆమెకు తెలుసు. అరుగు మీద కూర్చుని పోసుకుంటున్నాడు, చాలాసేపు పోసుకుంటున్నాడు. బయటికి వచ్చినప్పుడు తెల్లజుట్టు నుదుటికి అతుక్కుని, చెవుల వెనక నుంచి నీళ్లు కారుతున్నాయి. ఆమె తువ్వాలుతో తల తుడిచింది. ఎడారిలో ఎవరూ తల తుడుచుకోరు, గాలికే ఆరుతుంది. అయినా తుడిచింది.

రెండో రోజు స్నానం ఇంకా ఎక్కువసేపు చేశాడు. మూడో రోజు లోపల కూనిరాగం కూడా వినిపించింది. వెర్నాకు సంతోషంగానే ఉంది, కానీ ఇన్నేళ్ల ఎడారి అలవాటు ఊరుకోదు కదా, చేతులు పిసుక్కుంది. నాలుగో రోజు అతను బయటికొచ్చి, తువ్వాలు మెడ చుట్టూ వేసుకుని, తలుపు పక్క గోడ మీదున్న మీట నొక్కాడు. ట్యాంకు ఎంత నిండిందో చెప్పే చిన్న దీపాలు కింద నుంచి పై దాకా అన్నీ వెలిగాయి.

"నిండింది" అన్నాడు.

"అప్పుడేనా? నువ్వు స్నానం చేస్తున్నావా, ఏనుగును కడుగుతున్నావా?"

"మంచినీళ్లు కూడా అయిపోయాయి." ఇంకో మీట నొక్కి చూపించాడు. ఆ వరసలో ఒక్క దీపమూ వెలగలేదు. "ఇక్కడ ఉండటం కుదరదు వెర్నా. కదలాలి."

"ఊళ్లో పారబోసి, నీళ్లు పట్టుకుని మళ్లీ ఇక్కడికే రావాలి కదా."

"ఇక్కడికే ఎందుకు? బండి కట్టాక ఇటే తిరగాలని ఉందా? నది వైపు వెళ్దాం. అక్కడ కూడా నాలుగు రోజుల్లో నింపేస్తాను." అతను నవ్వలేదు. బాయిలరులో ఒత్తిడి ఎంతుందో చెబుతున్నట్టు చెప్పాడు. "ఆ గొట్టాల పార్కు వద్దని చెప్పెయ్. మురుగ్గొట్టం తగిలిస్తే ట్యాంకు ఎప్పటికీ నిండదు."

ఆ ముసలాయన నాలుగు రోజులుగా ఎందుకంతసేపు నీళ్లు పోసుకున్నాడో అప్పుడు ఆమెకు తెలిసింది. ట్రక్కు తాళాలు తీసుకుని బయటికి నడిచింది.

కుర్చీలు మడిచింది, మెట్టు లోపలికి తోసింది, టైర్ల కింద దిమ్మలు లాగేసింది. జో ఎల్లెన్ కాఫీ కప్పుతో ఏదో చెప్పాలని బయలుదేరి, వెర్నా బండి కడుతోందని చూసి, నోటి మీద చెయ్యి పెట్టుకుని సగం దారిలో ఆగిపోయింది. ట్రక్కును ట్రైలరు కొక్కెం దాకా వెనక్కి తేవాలి. అది సరిగ్గా వచ్చిందా లేదా చూసి చేత్తో సైగ చెయ్యడం ఎప్పుడూ ఓర్విల్ పనే. అతను వెళ్లి కొక్కెం పక్కన నిలబడి చెయ్యెత్తాడు. చెయ్యి వణుకుతోంది. రమ్మంటున్నాడో ఆగమంటున్నాడో ఆ చేతిని చూసి చెప్పడం ఎవరి తరమూ కాదు. రెండేళ్లుగా వెర్నా ఆ చేతిని చూడటం మానేసింది. అద్దంలో అతని మొహమే చూస్తుంది. సరిపోయినప్పుడు గడ్డం చిన్నగా కిందికి దిగుతుంది, అంతే.

ఆమె మెల్లగా వెనక్కి వచ్చింది. అద్దంలో అతను దగ్గరయ్యాడు. టోపీ లేదు. గడ్డం కిందికి దిగింది, ఆమె బ్రేకు తొక్కింది. అతని జుట్టు ఇంకా తడిగానే ఉంది.